తట్టు ఎవరింటి నుంచి వచ్చింది

తట్టు సోకిందని కూలీల గుడిసెల పిల్లలందరినీ హెడ్‌మిస్ట్రెస్ బడికి రావద్దన్నారు. వారం తిరిగాక ఆమె గదిలోకి టీకాల నర్సు వచ్చింది.

“ల్యాబు ఫలితం వచ్చింది మేడమ్. గుడిసెల్లో దొరికిన వైరస్ మన దగ్గర తిరిగే రకం కాదట. జన్యువులు చూస్తే పై దేశం నుంచి వచ్చిందని తేలింది.”

“వాళ్లలో పై దేశం వెళ్లిందెవరమ్మా?”

“ఎవరూ లేరు. సెలవులకు వెళ్లొచ్చింది మీ మనవడు. ఇంటింటికీ తిరిగినప్పుడు వాడి గొంతులోంచి తీసిన నమూనాలోనూ అదే ఉంది. ఒళ్లు పేలింది కూడా ముందు వాడికే, ఆ తర్వాతే బళ్లో వాడితో ఆడుకున్న గుడిసెల పిల్లలకు.”

“వేడి చేసిందనుకున్నాం...”

“టీకా?”

“ఒకసారి జలుబు, ఇంకోసారి ప్రయాణం. నేనే ఆగమన్నాను.”

“గుడిసెల్లో ఇద్దరికే సోకింది. మిగతా అందరికీ టీకాలు పడ్డాయి మేడమ్.”

“అందరికీనా? అందరినీ గేటు దగ్గరే ఆపేశానే! వాళ్లకు ఈ మాట తెలిసిందా?”

“నేను పేరు చెప్పలేదు. వాళ్లే పోల్చుకున్నారు.”

“నోటికొచ్చినట్టు తిట్టుంటారు.”

“లేదు. జబ్బుపడ్డ పిల్ల తల్లి, ‘పాపం, టీచరమ్మగారి మనవడికి తగ్గిందా?’ అని అడిగింది.”

“తిట్టినా బాగుండేది, సిస్టర్. పద, వెళ్దాం.”

“ఎక్కడికి మేడమ్?”

“వాళ్ల పిల్లల్ని బడికి పిలవాలి. నువ్వు ముందు నడువమ్మా, నాకు మొహం చెల్లడం లేదు.”