ఇద్దరు ముసలయ్యలు

ముందా కోడిని కింద పెట్టు ముసలయ్యన్నా. కాళ్ళు కట్టీసి అలగ తలకిందులుగా పట్టుకుంటే అది నన్నే చూస్తున్నట్టుంది, నాకు మాట రావట్లేదు. అదిగో, ఆ మూల ఒగ్గీ. నువ్వు కుర్చీలో కూర్చో. కింద కాదు, కుర్చీలో.

చూసావా, సమ్మక్క వదినని మా అమ్మ అప్పుడే వంటింట్లోకి లాక్కుపోయింది. ఇంక నేను పుట్టిన దగ్గర్నుంచీ మొదలెడతాది. బచేలి రైల్వే క్వార్టర్లలో ఈ వారం ఆవిడ ఎక్కని గుమ్మం లేదు. మా నూకరాజు మేనేజర్ మొహం మీదే కుదరదన్నాడట, కూలోళ్ళ ప్రాణాలే ముఖ్యమన్నాడట అని ఒకటే చెప్పడం. మా నాన్న ఇదే కిరండూల్ లైన్లో గ్యాంగుమన్‌గా చేసి రిటైరయ్యాడు కదా, ఆయన దోస్తులు ఎక్కడెక్కడి స్టేషన్ల నుంచో ఫోన్లు చేసి శభాష్ అంటున్నారు. నిన్న యూనియన్ వాళ్ళు దండ తెచ్చారు. మెడ వంచాను. వంచమంటే వంచీడం నాకు అలవాటే, అందులో కష్టమేటుంది.

వాళ్ళందరి దగ్గరా ఊరుకున్నాను. నీ దగ్గర ఊరుకోలేనన్నా. జ్వరం ఇంకా తగ్గనేలేదు, కళ్ళు చూడు ఎలగున్నాయో, అయినా పెళ్ళాన్ని వెంటబెట్టుకుని నాకు దణ్ణం పెట్టడానికి వచ్చావు. నీకు అసలు సంగతి తెలియాలి. విన్నాక కోడిని తిరిగి పట్టుకుపోతానంటే పట్టుకుపో, నేనేమీ అనుకోను.

నేను చేసే పనేటో నీకు తెలుసా? మాది జగదల్‌పూర్‌ది చిన్న కంపెనీ, ఇక్కడ బచేలి ఇనప గని గేటు పక్కనే మా ఆఫీసు. కొండ మీద మందు పేల్చే ముందు, లోపలికెళ్ళినోళ్ళందరూ దిగొచ్చారో లేదో చెప్పే సాఫ్ట్‌వేర్ చేస్తున్నాం. గేటు దగ్గర హాజరు రాసే ముంషీ చేతిలో పలక లాంటిది చూసావు కదా, ఆ ట్యాబ్‌లో ఉంటాదది. నువ్వు లోపలికెళ్తే నీ పేరు నొక్కుతాడు. బయటికొస్తే మళ్ళీ నొక్కుతాడు. లోపల ఎవరూ లేరని ట్యాబ్ చెప్తే అప్పుడు సైరన్, ఆ తర్వాత పేలుడు.

ఇలాంటిదాన్ని ఊరికే నమ్మీకూడదు కదా. అందుకని దానికి పరీక్షలు పెడతాం. బడి పరీక్షలు కాదు. కంప్యూటర్‌లోనే ఉత్తుత్తి మనుషుల్ని కొండ ఎక్కిస్తాం. పది మంది ఎక్కారు, తొమ్మిది మంది దిగారు, లోపల ఎంతమంది అని అడుగుతాం. ఒకడున్నాడనాలి. ఎవరూ లేరందంటే మన సాఫ్ట్‌వేర్ తప్పు. వాన పడి ట్యాబ్ ఆగిపోతే? ముంషీ ఒకడి పేరే రెండుసార్లు నొక్కితే? ఇలాంటివి రాసే బుర్ర నాది కాదు. అవన్నీ బుధ్రి రాస్తాది. భైరమ్‌గఢ్ వైపు పిల్ల, నాతోపాటే ఇంజనీరు. ఏది ఎలగ చెడిపోతాదో ఆ పిల్లకి ముందే కనపడతాది. నాకు మధ్యాహ్నం భోజనం కనపడతాది.

నవ్వకు, నిజమే చెప్తున్నాను. బుధ్రి రాసిన పరీక్షలు నడిపే పని నాది. ఒక్కోటీ మొదలెట్టి, జవాబు వచ్చేదాకా చూసి, ఇంకోటి మొదలెట్టాలి. పొద్దున్న టీ తాగి కూర్చుంటే అన్నం వేళ దాటిపోయేది. ఎక్కడైనా ఒక్క లైను మారిస్తే మళ్ళీ మొదట్నుంచి. అందుకని సగం నడిపీసి, మిగతావి కూడా బాగానే ఉంటాయిలే అనుకుని, ఇంటికొచ్చి అమ్మ చేసిన ఎండుచేపల పులుసు తిని పడుకునేవాణ్ణి.

అలగే ఒకసారి సగం చూసిందాన్ని ట్యాబ్‌కి పంపీసాను. ఇంకా ట్రయల్ రోజులే, ఎవరికీ ఏమీ కాలేదు. కానీ అది దిగినోళ్ళని కూడా ఎక్కినోళ్ళ కింద కలుపుకుంటూ పోయింది. సాయంత్రానికి మా లెక్క ప్రకారం బచేలి ఊళ్ళో కంటే కొండ మీదే జనం ఎక్కువ. బుధ్రి అరవలేదు. "నువ్వు బద్ధకస్తుడివని తెలుసు, అబద్ధాలు కూడా ఆడతావని తెలీదు" అంది. హిందీలో అంది. ఆ పిల్ల నాతో హిందీలోకి మారిందంటే బాగా కోపమొచ్చినట్టు.

దాంతో స్క్రిప్టు రాయడానికి కూర్చున్నాను. ఏందంటావా? సినిమా స్క్రిప్టు కాదన్నా. చెయ్యాల్సిన పనులన్నీ కంప్యూటర్‌కి వరసగా రాసిచ్చీడమే. ముందిది చెయ్యి, తర్వాత అది చెయ్యి, ఎక్కడైనా తప్పొస్తే చెప్పు. ఒక్క మాట కొడితే పరీక్షలన్నీ అదే నడుపుకుంటాది. అన్నీ సరిగ్గా ఉంటే తెర మీద పచ్చగా వస్తాది. ఒక్కటి తప్పినా ఎర్రగా వస్తాది. అది రాసేటప్పుడు నా మనసులో ఉన్నది కూలోళ్ళ ప్రాణాలు కాదు, ఎండుచేపల పులుసు. అది నడుస్తుంటే నేను ఇంటికి పోవచ్చు కదా.

రాయడం మాత్రం నేననుకున్నంత వీజీ కాలేదు. నా కంప్యూటర్‌లో నడిచేది, బుధ్రి కంప్యూటర్‌లో నడిచేది కాదు. తీరా చూస్తే ప్రతి చోటా నా పేరున్న ఫోల్డరే రాసుకున్నాను, అది వాళ్ళ కంప్యూటర్‌లో ఎక్కడుంటాది? ఆ తర్వాత ఇంకో గోల. మొదటి పరీక్షలో ఎక్కించిన ఉత్తుత్తి మనుషులు దిగకుండా అక్కడే ఉండిపోయి, రెండో పరీక్షకి అడ్డమొచ్చేవారు. ప్రతి పరీక్షకీ ముందు కొండంతా ఊడ్చీమని రాయాల్సొచ్చింది.

అది కుదిరాక బుధ్రి ఇంకో మాటంది. ఎర్రగా వచ్చినప్పుడు నువ్వు ట్యాబ్‌కి పంపకుండా ఉంటావన్న నమ్మకం నాకు లేదు అని. సరే, పచ్చగా వస్తేనే స్క్రిప్టు ఆ సాఫ్ట్‌వేర్ మీద ముద్ర వేస్తాది, ముద్ర లేనిదాన్ని ట్యాబ్ తీసుకోదు, అలగ కట్టీసాను. తప్పిన పరీక్షని తీసీసి పచ్చ చేస్తావు కదా అంది. చెయ్యనన్నాను. అప్పటికే ఒకసారి చేసి దొరికిపోయాను అనుకో. అందుకని పరీక్ష ఒక్కటి తగ్గినా ఎరుపే వచ్చేలాగ చేసాను. చేసినోణ్ణి ఊరుకోవచ్చు కదా. మేనేజర్ సార్ దగ్గరికెళ్ళి, ఇంక నేను కావాలన్నా తప్పుది పంపలేను సార్ అని గొప్పలు చెప్పుకున్నాను. ఆయన భుజం తట్టాడు.

ఇంక ఉద్ఘాటన్ రోజు, అదే, ప్రారంభోత్సవం. షామియానా, సమోసాలు, రాయపూర్ నుంచి పెద్దమనుషులు. నీకవేవీ కనపడి ఉండవు, నువ్వప్పటికి లోపలే ఉన్నావు. ఆ రోజు నుంచి పేలుడుకి ముందు గేటు దగ్గర మనుషుల్ని పేరు పెట్టి పిలిచి చూసుకోవడం బందు, ట్యాబ్ మాటే ఆఖరి మాట. అప్పటిదాకా గేటులో ఉన్నది ట్రయల్‌ది, దానికీ సైరన్‌కీ సంబంధం లేదు. అసలుది ఆ పొద్దున్నే పంపాలి, వచ్చిన పెద్దమనిషి ఫోటోతో సహా.

బుధ్రి ఆ రోజు గేటు మీదుగా వస్తూ మిమ్మల్నిద్దర్నీ చూసింది. కొంటా వైపు నుంచి నువ్వు, చింతలనార్ దగ్గర్నుంచి ఇంకొకాయన. ముంషీ ముసలయ్యా అంటే ఇద్దరూ పలికారట. ఆ పిల్ల తిన్నగా నా దగ్గరికొచ్చి, "మనది పేరు చూసి లెక్కెడతాది కదా, ఒకే పేరు ఇద్దరికుంటే?" అంది. ఉద్ఘాటన్ అయిపోనీ, రేపు చూద్దాం, ఒకే పేరు ఎంతమందికి ఉంటాదేటి అన్నాను. "మా ఊరొచ్చి బుధ్రాంలు ఎంతమందో లెక్కపెట్టు" అని కూర్చుని అక్కడికక్కడే పరీక్ష రాసీసింది. ఇద్దరు ముసలయ్యలు ఎక్కారు. ఒక ముసలయ్య దిగాడు. లోపల ఎవరున్నారు?

స్క్రిప్టు నడిపాను. ఎర్రగా వచ్చింది.

మేనేజర్ సార్ వచ్చి నా వెనక నిలబడ్డాడు. బయట మైకులో ఎవరో మాట్లాడుతున్నారు. చెవి దగ్గరకొంగి, దీన్ని పచ్చ చెయ్యి అన్నాడు. నేనేమన్నానో తెలుసా? కుదరదనలేదు. అలగే సార్ అన్నాను.

ముందు బుధ్రి పరీక్షని తీసీసాను. ఒకటి తగ్గిందని ఎర్రగా వచ్చింది. ఎన్నుండాలో ఆ అంకె మార్చాను. ఇంకెక్కడో ఏదో తగిలి మళ్ళీ ఎరుపు. ముద్ర లేకుండా వైరు పెట్టి తిన్నగా ట్యాబ్‌లోకి ఎక్కిద్దామని చూసాను. నాకొద్దంది. అన్నీ నేను కట్టినవే కదా, విప్పీలేనా అనుకున్నాను. ఏ ముడి ఎక్కడ వేసానో ఒక్కటీ గుర్తు లేదు. నేను రాసింది నాకే అర్థం కాలేదన్నా, అంత దరిద్రంగా రాసాను. బుధ్రి పక్కన నిలబడి చూస్తోంది. నాకు చెమటలు కారి కీబోర్డు మీద పడుతున్నాయి.

చివరికి ఎరుపు రావడం కూడా మానీసింది. తెరంతా నల్లగా అయిపోయి, మూలన ఒక గీత మాత్రం మిణుకుమంటోంది. ఇంక నా వల్ల కాక, మేనేజర్ సార్ వైపు తిరిగి ఏడుపు గొంతుతో "నహీ హో రహా హై సర్" అన్నాను. అవట్లేదు సార్ అని. కిటికీ అవతల సమోసాలు తింటున్న డ్రైవర్లకి మైకు గోలలో అది "నహీ హోగా సర్" అని వినపడింది. జరగదు సార్ అని. అదన్నా ఊరంతా తిరుగుతున్న నా ధైర్యం. ఒక ముక్క సరిగ్గా వినపడక పుట్టింది.

పెద్దమనుషులు భోజనానికి వెళ్ళిపోయారు. పేలుడు ఆగదు కదా, సరే పాత పద్ధతిలోనే కానీండన్నారు. అందర్నీ గేటు దగ్గర నిలబెట్టి పేర్లు పిలిచారు. ముసలయ్యా అంటే చింతలనార్ ఆయన పలికాడు. రెండో ముసలయ్యా అన్నారు. ఎవరూ పలకలేదు. ఇంకోసారి పిలిచారు. జీపు పంపించారు. ఆ తర్వాతది నాకంటే నీకే తెలుసు. కాదులే, నీకూ తెలీదు, ఆగిపోయిన మిషన్ నీడలో ఒళ్ళు తెలియని జ్వరంతో పడి ఉన్నావట.

నేను పంపబోయింది కనక ట్యాబ్‌లోకి ఎక్కి ఉంటే, ఆయన దిగిన మరుక్షణం మీ ఇద్దరి పేర్లూ కొట్టీసేది. లోపల ఎవరూ లేరు అని చూపించేది, పెద్దమనిషి ఫోటో కింద.

తెలియక చేసావులే అంటావా? వదినకి కూడా అలగే చెప్తావు, నాకు తెలుసు. ఇక్కడే ఉంది అసలు ముక్క. ఇది నేనెవరికీ చెప్పలేదన్నా, మా అమ్మకి కూడా. ఎర్రగా వచ్చినప్పుడు, ఏ పరీక్ష తప్పిందో కింద రాసి చూపిస్తాది. చూపించాలని నేనే పెట్టాను. ముసలయ్య దిగాడు, ముసలయ్య లోపలే ఉన్నాడు, సాఫ్ట్‌వేర్ మాత్రం ఎవరూ లేరంటోంది. అంత తేటగా రాసుంది. అవి ఉత్తుత్తి పేర్లు కావని, పొద్దున్న గేటు దగ్గర నిలబడ్డ మనుషులవని నాకు తెలుసు. చదివాను. చదివే ఆ పరీక్షని తీసీసాను.

ఏదో ఒకటి అను అన్నా. తిట్టినా పర్లేదు. అలగ నేల చూపులు చూస్తే నాకెలగ ఉంటాది?

సరే, మిగతాది కూడా విను. మొన్న మేనేజర్ సార్ పిలిచాడు. బయట జనం నన్ను పొగుడుతున్నారు గాబట్టి నన్నేమీ అనలేదు, టీ కూడా ఇప్పించాడు. ఒకే పేరు సంగతి సరిచేసీండి, మంచిదే, కానీ ఇంకోసారి ఇలగ పరువు పోకూడదు, ఎర్రగా వచ్చినా పంపడానికి ఒక దారి పెట్టండి అన్నాడు. అది అధికారి చేతిలో ఉంటాదట, అవసరానికే వాడతారట. నేనేమన్నానని అడగవేటి? అలగే సార్ అన్నాను. మొత్తం జరిగాక కూడా నా నోట్లోంచి ఊడిపడ్డది ఆ ముక్కే.

బుధ్రికి చెప్తే ఒప్పుకోలేదు. ఆ దారి తను పెట్టదట, ఎవర్నీ పెట్టనివ్వదట. రేపు పొద్దున్నే లోపలికెళ్ళి ఆ మాట ఆయన మొహం మీద చెప్తానంది. ఉద్యోగం పోతే జగదల్‌పూర్‌లో ఇంకోటి చూసుకుంటాదట. "నువ్వు కూడా రా, స్క్రిప్టు రాసినోడివి నువ్వే కదా" అంది. ఈసారి హిందీలో కాదు, నా దగ్గర నేర్చుకున్న తెలుగులోనే అంది.

వస్తానన్నాను. కానీ నేనెలాంటోణ్ణో ఇప్పుడు నీకు తెలిసింది కదా. ఆ గుమ్మం దాకా వెళ్ళి, ఫోనొచ్చిందనో కడుపునొప్పనో చెప్పి వెనక్కి తిరిగీగలను. అందులో మనకి మంచి అనుభవం.

రేపు నీది ఏ షిఫ్టు? డాక్టరు ఇంకా పనిలోకి వద్దన్నాడా? అయితే ఒక్క పని చేస్తావా అన్నా. ఒంట్లో ఓపికుంటే పొద్దున్న మా ఆఫీసు దగ్గరికి రా. లోపలికి రానక్కర్లేదు, ఏమీ మాట్లాడక్కర్లేదు. మేనేజర్ గది తలుపు కనపడే చోట ఊరికే నిలబడు. నువ్వక్కడ ఉంటే వెనక్కి తిరగడానికి నాకు సిగ్గేస్తాది.