మీ నాయినమ్మ పుట్టింటి రక్తం

— తాతా, పొద్దుగాల కోదాడ దవాఖానల డాక్టరు నా కొడుకు చెయ్యి పట్టుకోకముందే నాయినమ్మ ఎందుకట్ల లేచింది? "మా రక్తానికి మలేరియా గోలీ పడది" అని ఒకటే లొల్లి. పిలగానికి ఉత్త సర్దే గదా?

హా… అదా. నువ్వప్పుడు మిర్యాలగూడల హాస్టల్ల ఉంటివి బిడ్డా. పరేషాన్ అయితవని మీ అమ్మ చెప్పనియ్యలే. కూసో, పిలగాన్ని ఒళ్లె ఏస్కో.

ఆ యేడు కాల్వ నిండ నీళ్లు, మళ్ల నిండ నీళ్లు, ఇగ దోమలకు పండుగే. మీ అన్న శీను గొర్లెంబడి తిరిగి తిరిగి సలిజరం తెచ్చుకున్నడు. నర్సమ్మ వచ్చి ఏలు గుచ్చి రక్తం తీస్కపోయింది. మలేరియానే అని తేలింది. రెండు తీర్ల గోలీలిచ్చింది, ఒకటి జరం తగ్గనీకి, ఇంకోటి మళ్ల తిరగబెట్టకుండ రెండు వారాలు ఏసుకోనీకి. "మూత్రం నల్లగొస్తే గోలీ ఆపి ఎంటనే దవాఖానకు రాండ్రి" అని గూడ చెప్పింది. మీ నాయినమ్మ ఆ ముక్క ఇన్లే. "మధ్యల మానెయ్యొద్దు" అన్నది మాత్రం బాగ పట్టుకున్నది.

మనూళ్లె గోలీలు ఎవడు మింగుతడు, నీకెరుకే గదా? సగం చూరుల చెక్కుతరు, సగం పెంటకుప్ప పాలు. మనింట్ల అట్ల నడువది. మీ నాయినమ్మ గొర్లకు నట్టల మందు పోసినట్టు నోరు తెరిపిచ్చి, నాలిక ఎత్తిచ్చి మరీ సూసేది. ఊరు మొత్తంల గోలీలు సక్కగ మింగినోడు మీ అన్న ఒక్కడే. మంచాన పడ్డోడు గూడ వాడొక్కడే.

రెండో దినమో మూడో దినమో, పోరడు దొడ్లెకు పోయొచ్చి, "తాతా, మూత్రం పాలు లేని ఛాయ లెక్క వస్తుంది" అన్నడు. మీ నాయినమ్మకు సంబురం. "ఒంట్ల వేడి దిగుతుంది" అని సబ్జా నీళ్లు తాపి, ఆ పూట గోలీ గూడ ఏసింది. తెల్లారెసరికి కండ్లు పచ్చగ, పెదాలు తెల్లగ, నిలవడితే తూలుడు. అప్పుడు "కామెర్లు, చిలుకూరు కాడ పసరు పోసేటాయన ఉన్నడు" అని అందుకున్నది. మీ అమ్మ ఎన్నడన్న అత్తకు ఎదురు చెప్పిందా? ఆ పొద్దు చెప్పింది. "నర్సమ్మ మాట నేనిన్న. సూర్యాపేటకే పోతం" అని పోరన్ని ఆటోల ఏసింది. కోదాడ కాడ బస్సెక్కినం, అప్పటి కిరాయి… సరే, కిరాయి ముచ్చట ఇప్పుడెందుకు.

డాక్టరు పిలగాడే, సన్న మీసం. పరీక్ష చేసి, "సగం రక్తం విరిగిపోయింది. ఎంటనే రక్తం ఎక్కియ్యాలె, లేకుంటే నేను చెప్పలేను" అన్నడు. గొర్రెపిల్లను భుజాన ఏస్కొని కాల్వ దాటెటోడు, ఆ మంచం మీద కండ్లు తెరుస్తలేడు.

"కొందరి రక్తంల పుట్టుకతోనే ఒక సరుకు తక్కువుంటది, అసుంటోళ్లకు ఈ గోలీ పడది" అన్నడు డాక్టరు. "మగపిల్లలకు తల్లి దిక్కు నుంచి వస్తది. తల్లి మంచిగనే ఉంటది, కొడుక్కు బయటపడుతది."

ఇగ సూడాలె మీ నాయినమ్మను! వార్డు నడుమ నిలవడి, "ఇన్నరా, తల్లి దిక్కట! మా రక్తంల ఇసుంటియి ఏడ ఉన్నయి?" అని అందరికీ ఇనిపిచ్చింది. మీ అమ్మ శీను కాళ్లు ఒళ్లె పెట్టుకొని తల వంచుకున్నది. నాకు కోపమొచ్చింది, దాని ఎనకనే నవ్వొచ్చింది. మీ అమ్మ ఎవరు బిడ్డా? మీ నాయినమ్మ సొంత తమ్ముని బిడ్డ! మీ నాయినకు బయటి సంబంధం సూద్దామని నేను మొత్తుకున్న. "మా పుట్టింటి రక్తమే ఈ ఇంట్లకు రావాలె" అని అన్నం మానేసి మేనరికం చేసింది. రావాలన్నది, వచ్చింది.

డాక్టరు మీ అమ్మనే అడిగిండు, మీ ఇంట్ల ఎవరికన్న ఇట్లయిందా అని. "మా నాయినకు అయింది సార్, మిర్యాలగూడ రైసు మిల్లుల పని చేసేటప్పుడు" అన్నది. ఔ, నిజమే. అప్పుడు అమ్మవారికి కోపమొచ్చిందని పొట్టేలును కోసినం. బోనం ఎత్తింది ఎవరనుకున్నవ్, మీ నాయినమ్మే! "అయితే ఆయనకు వాళ్లమ్మ నుంచి వచ్చుంటది" అన్నడు డాక్టరు. నేను మీ నాయినమ్మను సూపిచ్చి, "ఆమె ఈమెకు గూడ తల్లే సార్" అన్న. "మరి అమ్మా, నీల గూడ ఉండొచ్చు" అన్నడు. పక్క మంచపామె కొంగు అడ్డం పెట్టుకున్నది. లగ్గమైనకాడ నుంచి మీ నాయినమ్మ లొల్లిని నడుమల ఇడిచిపెట్టి బయటికి పోయింది ఆ ఒక్కపారే.

మా బావమర్ది, మీ అమ్మ నాయిన, ఉరికొచ్చి చెయ్యి చాపిండు. "నీ రక్తంల గూడ ఆ సరుకు తక్కువే, నీది వద్దు" అన్నరు. ఆఖరికి నాది కలిసింది. "మీ ఇంటోళ్లది నీళ్ల రక్తం" అని తిట్టేది గదా, ఆ నీళ్లే ఎక్కిచ్చిన్రు. తెల్లారి శీను కండ్లు తెరిచి, "గొర్లను ఎవరు తోలుకపోయిన్రు?" అన్నడు. నేను బయటికొచ్చి మస్తు ఏడ్చిన.

మీ నాయినమ్మ ఛాయ తెచ్చి మొదలు మీ అమ్మకే ఇచ్చింది. మాఫీ అనే మాట మాత్రం ఇయ్యాలటిదాంక నోట్లెకెళ్లి రాలే. ఇప్పుడేమో ఏ డాక్టరు దొరికినా, "మా అమ్మ కాడ నుంచి వచ్చింది" అని మొదలుపెడుతది, సొమ్ములు చెప్పుకున్నట్టు. ఔ మరి, మా అత్త, అంటే మీ నాయినమ్మ తల్లి, భూమి, గొర్లు అన్నీ కొడుక్కే రాసింది. ఆడపిల్లలకు గూడ పంచింది ఇదొక్కటే గదా.

నీ కొడుక్కు ఉండొచ్చు, లేకపోవచ్చు. సర్ది తగ్గినంక పరీక్ష చేపిద్దాం. ఉన్నా భయం లేదు, పడని మందులేవో డాక్టరే చెప్తడు. నువ్వు మాత్రం మీ అమ్మ లెక్క తల వంచకు బిడ్డా, ఆమె చేసిన తప్పేం లేకుండె. హుజూర్‌నగర్ల మీ అత్త "తల్లి దిక్కు రక్తం" అన్నదనుకో, నాకొక్క ఫోన్ కొట్టు. మీ నాయినమ్మను తోలిస్త, ఆమె సూసుకుంటది. సల్లగుండుండ్రి బిడ్డా, తల్లీకొడుకులు… అగో, పిలగాడు పండుకున్నడు, జర కాళ్ల మీద కప్పు, దోమలు…