బీడీల మీద నడిచిన బొగ్గు బస్సు

యుద్ధం రోజులు. పెట్రోలు దొరక్క బస్సులన్నీ వెనకాల డ్రమ్ము కట్టుకుని, అందులో బొగ్గు రాజేస్తే పుట్టే గ్యాసుతో నడుస్తున్న కాలం. మిట్ట వచ్చిందంటే ఆడవాళ్లు కూర్చుంటారు, మగవాళ్లు దిగి తోస్తారు. అదీ ఆ బస్సుల ఆనవాయితీ.

డోన్ స్టేషను బయట నరసన్న టీ కొట్టులో బస్సు యజమాని నాగసుబ్బయ్య శెట్టి, తన డ్రైవరు పటాలంలో చేరిపోయాడని వాపోతున్నాడు. జట్కా మద్దయ్య చెవిన ఆ మాట పడింది. బస్సులొచ్చాక జట్కా ఎక్కేవాళ్లు లేక గుర్రాన్ని అమ్ముకుని ఆరు నెలలైంది. ఈ పనైనా దొరక్కపోతే ఊరు విడవాల్సిందే. అందుకే ఎవరూ పిలవకుండానే బెంచీ మీద సర్దుకున్నాడు.

“బండ్లు నాలుగు జాతులు శెట్టీ. గడ్డి తినేది నా జట్కా. నీళ్లు తాగి ఆవిరి కక్కేది రైలు. పెట్రోలు తాగేది దొరల కారు. బొగ్గు తినేది నీ బస్సు. నాలుగింటి గుణమూ నాకు తెలుసు. మొన్న పత్తికొండ బస్సులో పోతాంటే డ్రైవరుకు చలిజ్వరం వచ్చె, నేనే తోల్తి. అదేం గొప్ప కాదులే.”

“నిజమా?” అన్నాడు నరసన్న గ్లాసులు కడుగుతూ.

“నిజం కాకేమప్పా! ఆ తర్వాత ఏమైందో తెలుసా? నడిమిట్ల బొగ్గు అయిపాయ. ఇంజనుకు కావల్సింది బొగ్గు కాదు, పొగ. మొగోళ్లందరికీ తలా ఒక బీడీ ఇచ్చి గొట్టంలోకి ఊదమంటి. బస్సు కదిలె!”

“బీడీలకే?”

“బీడీలకు నిదానమే. ఒక ముసలాయప్ప చుట్ట ముట్టించినాడు చూడు, పత్తికొండ దాటింది గూడా తెలీలే! అంతలో ఎవురిదో మిరపకాయల మూట డ్రమ్ములో పడె. ఇంజను తుమ్మె. తుమ్ముకొక ఊరు! ఏడో తుమ్ముకు శ్రీశైలం!”

“కొండమీదికి బస్సు దోవ యాడుండాది?” అన్నాడు నరసన్న.

“చక్రాలు నేలకు తగిల్తే కదా దోవ కావల్సింది! మల్లన్నకు దండం పెట్టుకుని మళ్లుకుంటాంటే, ఒక గూడ్సు రైలు ఆవిరి సాలక నిలబడి ఉండాది. మోకేసి కట్టి ఈ స్టేషనుకే లాక్కొస్తి. స్టేషను మాస్టరు నాకే పచ్చజెండా ఊపె.”

శెట్టి నవ్వాడు. పని దొరికినట్టేనని మద్దయ్య గుండె ఉప్పొంగింది.

అప్పుడే చెనక్కాయలమ్మే సుబ్బక్క గంప దించింది.

“ఆ పత్తికొండ బస్సులో నేనూ ఉంటి శెట్టీ. డ్రైవరుకు జ్వరమూ లేదు గిరమూ లేదు. మిట్టకాడ బస్సు నిలబడితే మొగోళ్లంతా దిగి తోసిరి. ఈయప్ప మాత్రం తువ్వాలు ముసుగేసుకుని మా ఆడోళ్ల నడుమ కూచున్యాడు. అంతసేపూ నా గంపలో చెనక్కాయలే తిన్యాడు.”

కొట్టంతా గొల్లుమంది. మద్దయ్యకు తల కొట్టేసినట్టయింది. గుర్రమూ పోయె, పనీ పోయె, ఉన్న కాస్త పరువూ పోయె అని కళ్లలో నీళ్లు తిరిగాయి. లేవబోయాడు.

శెట్టి చెయ్యి పట్టి ఆపాడు. “డ్రైవరు పని వద్దులే మద్దయ్యా. మిట్ట వచ్చినప్పుడు అందరికన్నా ముందు దిగి తోసేవాడు ఒకడు కావల్ల. ఇన్నాళ్లూ గుర్రాన్ని తోల్తివి, కొన్నాళ్లు గుర్రం పని చెయ్.”

మద్దయ్య ముఖం తుడుచుకున్నాడు. “ఎన్ని గంటలకు రావల్ల శెట్టీ?”

“కోడి కూసేటప్పటికి,” అంది సుబ్బక్క గంప నెత్తికెత్తుకుంటూ, “తువ్వాలు ఇంట్లో పెట్టి రా.”