అక్క ఏదో అరిచింది

కోతలు కోసేవాడికి కొడవలి అక్కర్లేదు. కూర్చోవడానికి బల్ల, ఊకొట్టడానికి నలుగురు, చేతిలో వేడి టీ ఉంటే పంట దానంతట అదే తెగిపడుతుంది. బస్సుల షెడ్డు ఎదురుగా ఉన్న టీకొట్టులో ఆ సాయంత్రం సరిగ్గా నలుగురున్నారు. కొట్టాయన, గడియారాలు బాగుచేసే ఆయన, టికెట్ల సంచి ఇంకా భుజానే ఉన్న కండక్టరు, గోడవారగా కుర్చీలో అక్క. మంచు దట్టంగా దిగింది. షెడ్డు గేటు కూడా కనపడటం లేదు. బస్సులు ఆపేశారు కాబట్టి కండక్టరుకు వేరే దారి లేదు, కథ వినాల్సిందే.

చెప్పేది అక్క తమ్ముడు. లేత్ మిషను మీద ముప్పై ఏళ్లు పనిచేసి దిగిపోయిన మనిషి. అందరూ గిరగిర బాబాయి అంటారు. ఎందుకంటే ఆయన దగ్గరున్నది ఒక్కటే కథ, అందులో ఆయన గిరగిరా తిరుగుతూ ఉంటాడు.

"ఇవాళ ఎన్ని చుట్లు బాబాయ్? నిన్న రెండొందల దగ్గర ఆపావు," అన్నాడు కండక్టరు.

"ఆపింది నేనా? నీ ఆఖరి బస్సు," అంటూ బాబాయి సంచిలోంచి పిడి తీశాడు.

అరచేతిలో ఇమిడే చెక్క పిడి అది. పై కొసకో తీగ, కింది కొసకో తీగ కట్టేవాళ్లు. తీగల అవతలి కొసన మూరెడు పొడవు బొమ్మ విమానం. మనిషి మధ్యలో నిలబడి పిడి పట్టుకుంటే విమానం వాడి చుట్టూ తిరుగుతుంది, వాడూ దానితోపాటు తిరగాలి. పై తీగ లాగితే విమానం ముక్కు పైకి లేస్తుంది, కింది తీగ లాగితే కిందికి దిగుతుంది. ఆ పిడికి ఒక కొసన పాత దారం చుట్టి ఉంది. మట్టీ నూనే పట్టి ఏ రంగో తెలియడం లేదు.

అక్క ఆ పిడి వంక చూసి, టీగ్లాసు రెండు చేతులతో పట్టుకుంది.

ఆమెకు డెబ్బై ఆరు. పోయినేడాది ఒకరోజు గరిటె అన్న మాట నోట్లోంచి మాయమైంది. పూటంతా వెతికితే సాయంత్రానికి దొరికింది. తర్వాత తమ వీధి పేరు పోయి వచ్చింది. డాక్టరు, "కంగారు పడకండమ్మా, పాత సంగతి ఒకటి పట్టుకుని రోజూ మొదటి నుంచి చివరిదాకా గుర్తు చేసుకోండి," అన్నాడు. ఆమె పట్టుకున్నది తమ్ముడి కథలోని విమానాల ప్రదర్శన రోజునే. అక్కడ తనూ ఉంది. విమానాన్ని చేత్తో పట్టుకుని వదిలింది తనే. రెక్కలకు కాగితం అంటించింది కూడా తనే.

అందుకే రోజూ వచ్చి కూర్చుంటుంది. తమ్ముడు చెప్పేదాంట్లోంచి అబద్ధం తీసేయగా మిగిలింది తనది. మొదట్లో అడ్డుపడేది కూడా, "ఒరే, అన్ని లేవు రా," అని. ఈ ఏడు నెలలుగా అడ్డుపడటం మానేసింది. ఏది తీసేయాలో, ఏది ఉంచాలో పోల్చుకోలేకపోతోంది. ఒక్కటి మాత్రం గట్టిగా తెలుసు, విమానం వదిలేముందు తను ఏదో అరిచింది. ఏమని అరిచిందో రావడం లేదు. ఆ మాట కూడా దొరక్కుండా పోతే ఆ రోజంతా తమ్ముడి కథే అయిపోతుంది. తనకు ఇక అందులో పిసరు కూడా ఉండదు.

"ప్రదర్శనంటే మాటలా," మొదలుపెట్టాడు బాబాయి. "పెద్ద విమానాలు పల్టీలు కొట్టి దిగాయి. విరామంలో మా వంతు. గడ్డిలో గుండ్రంగా తాడు కట్టారు, తాడు అవతల నాలుగువేల మంది. మధ్యలో నేను. అరవై అడుగుల దూరంలో అక్క, విమానం పట్టుకుని. ఇంజను బొటనవేలంత, మోత మాత్రం పది కందిరీగల తుట్టెలు కదిపినట్టు. నేను తల ఊపాను. అక్క ఏదో అరిచింది, ఆ మోతలో నాకు వినపడలా. వదిలింది."

అక్కకు ముక్కులో ఆముదం కాలిన వాసన తగిలింది. ఆ ఇంజను నూనెలో ఆముదం కలిపేవాళ్లు. వాసన వచ్చింది, అరవడానికి తెరిచిన నోరు గుర్తొచ్చింది. మాట రాలేదు.

"మూడు చుట్లు అలవోకగా కొట్టాను. సరే, మూడు ఎవడైనా కొడతాడు. ముప్పై కొట్టాను. నూనె డబ్బా అగ్గిపెట్టెంత, అయిదు నిమిషాలకు మించి రాదు. ఇంజను టక్కున ఆగింది. ఆ తర్వాత ఏమైందో తెలుసా? విమానం ఆగలా."

"ఇంజను లేకుండానా?" అన్నాడు గడియారాలాయన.

"ఇంజను లేకుండానే. చప్పుడు లేదు, పొగ లేదు, తిరుగుతోంది. నలభై, తొంభై, నూటిరవై. అంతలో ఇదిగో, ఇలాంటి మంచే దిగింది."

"మధ్యాహ్నం పూట మంచేమిటయ్యా?"

"నీ గడియారం చూసుకుని దిగాలా అది? దిగింది. తీగలు నా చేతిలోంచి తెల్లగా ఉన్నదాంట్లోకి వెళ్లి కనపడకుండా పోయాయి. విమానం లేదు, జనం లేరు. లాగుడు మాత్రం ఉంది. నాలుగువేల మెడలు ఒకేసారి తిరిగే చప్పుడు ఎప్పుడైనా విన్నారా? తడిగుడ్డ పిండినట్టు ఉంటుంది. అది నా చుట్టూ తిరుగుతోంది. నాకు భయమేసి ఆగిపోయాను. ఒట్టు, నేను ఆగాను. నా నీడ ఆగలా."

కొట్టాయన గరిటెతో పాలు తిప్పడం ఆపాడు.

"అప్పుడు తీగ మీద తట్టినట్టయింది. రెండు సార్లు. నిదానంగా, తలుపు తట్టినట్టు. నేనూ రెండు సార్లు లాగాను. అవతలి నుంచి మూడు వచ్చాయి."

"అవతల ఎవరు?" అన్నాడు కండక్టరు. గొంతు తగ్గింది.

"స్టవ్వు ఆపు, చెబుతా."

కొట్టాయన స్టవ్వు ఆపాడు. దాని బుస ఆగింది. అయినా ఎక్కడో సన్నటి మోత వినపడుతూనే ఉంది. దగ్గరకు వస్తున్నట్టుంది, దూరమవుతున్నట్టుంది, మళ్లీ దగ్గరకు వస్తున్నట్టుంది.

"షెడ్డులో బస్సేమో," అన్నాడు గడియారాలాయన.

"ఒక్క బస్సు కూడా తీయలేదండీ ఇవాళ," అన్నాడు కండక్టరు.

బాబాయి వాళ్ల మాట వినిపించుకోనట్టే చెప్పుకుపోయాడు. "అరవై అడుగుల తీగ మైలు పొడుగైంది. విమానం మబ్బు దాటి పోయింది. మధ్యాహ్నం పోయి సాయంత్రమైంది. మంచు విడేసరికి పెద్ద విమానం ఒకటి దిగింది. దాన్ని నడిపినాయన నా దగ్గరికి వచ్చాడు, మొహంలో నెత్తురు చుక్క లేదు. ఏమన్నాడో తెలుసా? 'పైన మబ్బులో నీ బొమ్మ నా పక్కనే ఎగిరిందయ్యా. దానికో కిటికీ ఉంది. కిటికీలో ఒక ఆడమనిషి కూర్చుని ఉంది. నా వంక చూసి ఏదో అరిచింది, వినపడలేదు,' అన్నాడు. ఆవిడ ఎలా ఉందో చెప్పాడు. జడ, చీర రంగు, చెవి పక్క పుట్టుమచ్చ. మా అక్కే."

బాబాయి ముందుకు వంగాడు.

"మరి గడ్డిలో నిలబడి విమానం వదిలిందెవరు? ఇంటికి నాతో తిరిగొచ్చిందెవరు?"

అందరూ అక్క వంక చూశారు. చెవి పక్కనున్న పుట్టుమచ్చ వంక చూశారు.

అక్క ఎప్పటిలాగే అబద్ధాలు తీసేయబోయింది. నీడ తీసేసింది, మంచు తీసేసింది. కిటికీ దగ్గరికి వచ్చి చెయ్యి ఆగిపోయింది. కాళ్ల కింద గడ్డి ఉందా? గుర్తు లేదు. మబ్బులో కూర్చున్నట్టు, అరుస్తున్నట్టు, కింద ఎవరికీ వినపడనట్టు మాత్రం స్పష్టంగా తెలుస్తోంది. ఏడాదిగా తనున్నది అక్కడే కదా అనిపించింది. ఆ సన్నటి మోత చెవి పక్కకే వచ్చింది.

ఎక్కడో ఒకచోట చూపు ఆనాలి కాబట్టి తమ్ముడి చేతి వంక చూసింది. పిడి. పిడికి దారం.

"దారం కిందుంది రా," అంది.

"ఏంటక్కా?"

"దారం కిందుంది రా. నేను అరిచింది అదే." పిడి వైపు వేలు చూపింది. "ఏది పైకొసో తెలియడానికి నా కుట్టుమిషను దారం చుట్టాను, ఎర్రది. ఎరుపు పైకుండాలని పొద్దున్నుంచి పదిసార్లు చెప్పాను. జనాన్ని చూసి నీకు కళ్లు నెత్తికెక్కాయి, తలకిందులుగా పట్టుకున్నావు. నేను అరుస్తూనే ఉన్నా, చెయ్యి జారిపోయింది. నువ్వు ముక్కు పైకెత్తబోయి కిందికి గుచ్చావు. రెండొందల చుట్లట. ముప్పావు చుట్టు కూడా లేదు. ముక్కు గడ్డిలో దిగబడింది, మైకులో ఆయన 'తర్వాత ఎవరండీ' అన్నాడు."

కండక్టరు నోట్లో టీ ముక్కులోకి పోయింది. "మరి ఆ వచ్చినాయన పెద్దమ్మా? మొహంలో నెత్తురు చుక్క లేనాయన?"

"గడ్డి కోసే ఆయన. ముక్కలు ఏరి నా కొంగులో పోశాడు. వీడు అప్పుడూ తలకిందులే, చూడు, ఇప్పుడూ తలకిందులుగానే పట్టుకున్నాడు."

గడియారాలాయన పిడి లాక్కుని, కంటికి భూతద్దం పెట్టుకుని దారం లోపలి మడత విప్పి చూశాడు. "ఎరుపే," అన్నాడు. బల్లలు కదిలేలా నవ్వారు. కొట్టాయన కళ్లు తుడుచుకుంటూ స్టవ్వు వెలిగించాడు.

నవ్వులో ఒక్క గడియారాలాయన గొంతే ఆగింది. "అయినా నువ్వు లేత్ మీద పనిచేసిన మనిషివి. ఏడు నెలలుగా చూస్తున్నా, రోజూ దీన్ని ఇలా తలకిందులుగానే పట్టుకుని చెబుతున్నావు. అంతకుముందు సరిగ్గానే పట్టుకునేవాడివి."

బాబాయి అక్క వైపు తిరిగాడు. పరువు పోయిన మనిషి మొహం కాదది.

అక్క అతని వంక చూసింది.

"పిడి తలకిందులు చేసినా పలకవు, ముప్పై అన్నా పలకవు," అన్నాడు ఆమెకు మాత్రం వినపడేలా. "రెండొందలన్నా పలకవు. చివరికి నిన్ను మబ్బులో కూర్చోబెట్టాల్సి వచ్చింది. నేను లాగుతూనే ఉన్నానక్కా. అవతల ఎవరూ లేరేమోననుకున్నా."

అక్క గడియారాలాయన దగ్గర పిడి తీసుకుంది, దారం పైకి వచ్చేలా తిప్పింది, తమ్ముడి చేతిలో పెట్టి వేళ్లు మూసింది.

"ఉన్నాలే," అంది. "ఇది చల్లారిపోయింది, ఇంకో టీ చెప్పు."

ఆ సన్నటి మోత ఎప్పుడు ఆగిందో ఎవరూ గమనించలేదు. షెడ్డు గేటు మసగ్గా కనపడుతోంది. కండక్టరు సంచి సర్దుకుని లేచాడు.

"మరి రేపటి నుంచి ఎన్ని చుట్లు బాబాయ్?"

"ముప్పావు," అన్నాడు బాబాయి బుద్ధిగా.

"ముప్పావు కూడా లేదని ఇప్పుడే చెప్పానా," అంది అక్క.