చూరు నీళ్ళు

గాలివానకు కప్పు లేచిపోయిన వంటపాకకు కాకుమానులో కొత్త తాటాకు కప్పుతున్నారు. నిచ్చెన మీద పనివాడు, కింద ఇంటావిడ.

“విప్పు బాబూ. చూరు వరస ముందుకు జరిపి కట్టు.”

“మళ్ళీనా పిన్నిగారూ? పొద్దున మీ తోటికోడలుగారొచ్చి లోపలికి లాగమంటే లాగానండి. చేతులు పడిపోతున్నాయి.”

“పాక నాదా, దానిదా?”

“మీదేనండి. నీళ్ళు పడేది మాత్రం ఆవిడ వాకిట్లో. దీని మీద రెండో వరస పడిందంటే ఇక కదపలేం. లోపలికే ఉండనివ్వండి, ఈ గొడవ ఇంతటితో వదిలిపోద్ది.”

“వద్దు. పాత చూరు జానెడు బయటికుండేది. ఇదీ అలాగే ఉండాలి.”

“వానొచ్చినప్పుడల్లా ఆవిడ మీ గడప దగ్గరకొచ్చి తిడతారంట కదండి?”

“తిడుద్ది. మా ఆయన పోయాక అది మా గడప తొక్కేది ఆ ఒక్కదానికే.”

“మామూలుగా పిలవొచ్చుగా మీరు?”

“పిలిస్తే రాదు. పొలం పంచుకున్నప్పుడు అనుకున్న మాటలు అడ్డం. కోపమొస్తే మాత్రం వచ్చుద్ది.”

“తిట్టించుకోడానికి పాక కప్పించుకుంటారా ఎవరైనా?”

“అరిచీ అరిచీ దాహమేసి మంచినీళ్ళడుగుద్ది. తాగి, చెంబు కింద పెడుతూ, మోకాళ్ళ నొప్పులు తగ్గాయా అక్కా అంటుంది. ఇంకెవరడుగుతారు బాబూ నన్ను? విప్పు.”

పనివాడు ముడి విప్పాడు.

“జానెడు చాలా పిన్నిగారూ? ఇంకో నాలుగు వేళ్ళు ముందుకు పెట్టమంటారా?”