చేదు సొరకాయ

ఆస్ట్రేలియాలోని డార్విన్ ఆసుపత్రి ఎమర్జెన్సీకి సృజన వాళ్ల పక్కింటి ఆంటీ భర్తని తీసుకొచ్చింది. విషాల కేసులు చూసే డాక్టరు సృజన, మూడోసారి మోగిన అమ్మ ఫోన్ కట్ చేసి ఆంటీ వైపు తిరిగింది.

“అంకుల్ రక్తం కక్కుకుంటున్నారు ఆంటీ. బీపీ డ్రాప్ అయిపోయింది. పొద్దున్నే ఏం తాగారు?”

“సొరకాయ రసమేనమ్మా. షుగర్‌కి మంచిదని బ్యాక్‌యార్డ్‌లో కాసిందే తీశాను.”

“చేదుగా ఉందన్నారా?”

“ఒక్క గుక్కకే మొహం అదోలా పెట్టారు. చేదుంటేనే మందు, ముక్కు మూసుకుని తాగెయ్యండని కసిరాను.”

“సొరకాయ చేదుగా ఉంటే విషం ఆంటీ!”

“అయ్యో ప్రభువా! పారబోస్తానంటే నేనే పట్టుబట్టి తాగించానే!”

“అంకుల్ని మేం చూసుకుంటాం. ఇంకెవరైనా తాగారా?”

ఆంటీ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

“మీ అమ్మకీ షుగరేగా తల్లీ... పొద్దున్నే రసం తియ్యగానే ఓ సీసా ఇచ్చొచ్చాను.”