కనకాంబరానికి నీళ్ళు, కాయితం పువ్వుకు ఎండ

‘అవ్వా, చౌటుప్పల్ల మా కిరాయింటి ముంగట రెండు కుండీలకు జాగున్నది. కనకాంబరం పెట్టమంటవా, కాయితం పువ్వు పెట్టమంటవా?’

రెండు పెట్టరాదే పిల్లా, ఎవలొద్దన్నరు. గని ఆ రెంటిని ఒక్క తీరుగ జూసినవనుకో, ఒకటి కాకుంటె ఒకటి నీ పరువు తీస్తది. నా పరువు తీసింది గద. కూసో, చెప్త. నువ్వొచ్చి మూడు నెల్లు గూడ కాలే, మా ఇంటి సంగతులు నీకేమెరుక. నీ మొగడు చెప్పనే చెప్పడు, వానికి తాత పోలిక, నోట్లె మాట నోట్లనే ఉంటది.

మీ తాతోళ్ళు ఇద్దరన్నదమ్ములు. సిన్నాయన పెండ్లామే ఆ గోడవతలి యాదమ్మ, నాకు యారాలు. ఇప్పుడంటె గోడ మీదికెల్లి కూర గిన్నెలు అందిచ్చుకుంటున్నం గని, తొమ్మిదేండ్లు మాటల్లెవ్ మా ఇద్దరికి. తొమ్మిదో, పదో. తొమ్మిదే. నడుమల దాని బిడ్డ సునీత పెండ్లయితె పొయ్యి అక్షింతలేసి, బువ్వ తినకుండ ఒచ్చిన. గంత మొండిదాన్ని నేను.

కొట్లాట దేనికంటవా? నీళ్ళకు. అప్పుడు మా ఊర్ల యాడివి నీళ్ళు. వాడకంతటికి ఒక్కటే బోరింగు. అవి గూడ ఉప్పు నీళ్ళు, పండ్లకు గార పట్టేటియి, ఇగో నా పండ్లు సూడు. ఎండకాలమొస్తె ఒక్క బిందె నిండేదానికి చేతులు పడిపొయ్యేటియి. గట్ల కొట్టిన నీళ్ళే బట్టలకు, బర్లకు, మిగిలితె నా కనకాంబరానికి. మా తల్లిగారింటి కాడికెల్లి తెచ్చిన ఇత్తులవి. మేం పిల్లలప్పుడు రూపాయికి రెండు మూరలిచ్చేటోళ్ళు, ఇప్పుడు మూర అడుగుతె నలభై అంటుండ్రు, సిగ్గు లేకుంట. దాని ఎండిన కాయ మీద నీటి సుక్క పడ్డదా, టప్పున పలిగి ఇత్తులు ఎగురుతయి. సునీత చిన్నప్పుడు ఆ కాయను ఎంగిలితోని తడిపి నా మొకం మీద పలగ్గొట్టేది, బద్మాష్ పిల్ల.

ఆ, యాడున్న? బోరింగు కాడ. ఆ దినం యాదమ్మ ఒక చెంబెడు నీళ్ళు పట్కపొయ్యి, దర్వాజ పక్కకు అప్పుడే నాటిన కాయితం పూల కొమ్మకు పోసింది. నాకు కడుపు మండింది. ‘తలల పెట్టనీకి పనికిరాదు, దేవునికి పనికిరాదు, ముండ్లు తప్ప ఏముంది దానికి, నీళ్ళెందుకు దండుగ’ అన్న. అందరి ముంగట అన్న. అనద్దు, ఇప్పుడెరుక. దానికి గూడ రోషమొచ్చి, బిందె కింద పెట్టి, నా మొకమే సూసుకుంట అన్నది.

‘నువ్వు సావబోయే మనిషి దూపయితాందన్న గూడ నీళ్ళు పొయ్యవక్కా.’

గా మాట, బిడ్డా. గా మాట తొమ్మిదేండ్లు నా గొంతుల ముల్లు లెక్క ఉండె. పనోళ్ళొస్తె ముందుగాల చెంబు ఇచ్చి, మల్ల కూలి మాట మాట్లాడే మనిషిని నేను. నన్ను పట్టుకొని నీళ్ళు పొయ్యనిదంటదా.

మల్ల తెలంగాణ ఒచ్చింది, ఇంటింటికి నల్లా ఒచ్చింది. తియ్యటి నీళ్ళు. మొదటి దినం నల్లా ఇప్పి ఊకె సూసుకుంట కూసున్న, మీ తాత నవ్విండు. కొట్లాటకు కారణమే లేకుంట పాయె. గని మేమైతె మాట్లాడలే. ఎవలు ముందు మాట్లాడాలె చెప్పు?

అట్లుండంగ, సునీతకు రెండో కాన్పు ఆలంపూర్ల అత్తగారింట్లనే అన్నరు. యాదమ్మ రెండు నెల్లు ఉండేతట్టు బయలెల్లింది. బయట ఆటో హారన్ కొడ్తాంది. సంచి చేతుల పట్కొని, ఎక్కబోయేది ఎనక్కొచ్చి నా వాకిట్ల నిలబడ్డది.

‘అక్కా, నా చెట్టును జర సూడు.’

గంతే. ఎట్ల సూడాలె, ఏంజెయ్యాలె, ఏం చెప్పలే, పోయింది. నేను ఆడనే నిలబడ్డ. సంతోషమంటె గట్టి సంతోషం గాదు, లోపట నీళ్ళ బుగ్గ లేసినట్టు. ఇగ అనుకున్న, నీళ్ళు పొయ్యనిదాన్నా నేను, సూపిస్త అని.

పొద్దుగాల రెండు బిందెలు, మాపటీలి రెండు బిందెలు. వాడకట్టోళ్ళు అరుగుల మీద కూసున్న యాళ్ళ సూసి మరీ పోసేదాన్ని, నలుగురు సూడాలె గద. పైపైన మేకల ఎరువు గూడ ఏసిన. నా కనకాంబరానికి గూడ గంత మర్యాద జెయ్యలే. ఇరవై దినాలు కాలే, దర్వాజంత ఎర్రగ కప్పుకున్న ఆ కాయితం పూల చెట్టు ఒక్కొక్క పువ్వే రాల్చుకుంట పోయి, ఉత్త పచ్చగయింది. ఆకులు సూస్తె అరచెయ్యంత. పువ్వు ఒక్కటి లేదు. నేను పరేషానై ఇంకొక బిందె పెంచిన.

మీ తాత నన్ను బండి మీద కూసోబెట్టుకొని నల్గొండ తొవ్వల ఉన్న మొక్కల దుకాణం కాడికి తీస్కపోయిండు. ఆడున్న పెద్దమనిషి ఎన్ని నీళ్ళు పోస్తున్నవమ్మా అన్నడు. ఐదు బిందెలన్న. తుండుగుడ్డ నోటికి అడ్డం పెట్టుకొని నవ్విండు. కాయితం పువ్వు దూప మీదనే పూస్తదంట. పొద్దందాక ఎండ పడాలె, ఆకు వాడి ఏలాడేదాక నీళ్ళు ముట్టియ్యద్దు, వాడినంక ఒక్క చెంబు. గంతే. నీళ్ళు, ఎరువు ఎక్కువైతె కడుపు నిండి ఆకులేసుకుంట కూసుంటదంట. మన కనకాంబరమైతె అట్ల గాదు, దానికి దినాం మన్ను తడిగుండాలె, పగటాల్ల నీడ గావాలె, ఒక్కపూట మరిస్తె తలకాయ ఏలాడేస్తది. నేను దాని చెట్టుకు నా చెట్టు బువ్వ పెట్టిన, సమజయిందా?

ఇగ సూడు నా గతి. నీళ్ళు పొయ్యనిదానివి అన్న మనిషి చెట్టు. దాన్ని నా చేతులతోని ఎండబెట్టాలె. నల్లా కారుతాంది, తొట్టి నిండి పొర్లుతాంది, చెట్టు నా కండ్ల ముంగట ఆకులు ఏలాడేస్తాంది. నాలుగుసార్లు బిందె ఎత్తిన, నాలుగుసార్లు మీ తాత గుంజుకున్నడు. ఎదురింటామె ఊకుంటదా, మొకాన్నే అన్నది, ‘నీ యారాలికి ఫోన్ జేసి చెప్పిన, నీ చెట్టును మీ అక్క సంపుతాందని.’ నాకు బువ్వ సయించలే. నేనే ఫోన్ జేసి చెప్పొచ్చు, గని ఏం మొకం పెట్టుకొని చెప్పాలె? నీళ్ళు బంజేసిన అని చెప్పాల్నా?

పదిహేను దినాలకు కొమ్మ కొసలకు నలుసంత ఎరుపు కనబడ్డది. మీ తాతను పిలిచిన, కండ్లద్దాలు తెమ్మన్న. ఇగ ఆడికెల్లి దినదినానికి ఆకు పోయి పువ్వు, ఆకు పోయి పువ్వు. యాదమ్మ ఒచ్చేనాటికి దర్వాజ కనబడలే, గోడ కనబడలే.

సునీతను, పసిపోరన్ని ఎంబడి తీసుకొని ఆటో దిగింది. చెట్టును సూసింది, నన్ను సూసింది. నా చేతుల కనకాంబరం దండ ఉన్నది, దానికోసమే పొద్దుగాల కూసోని అల్లిన. ఎదురింటామె గూడ బయటికొచ్చి నిలబడ్డది, ఏమైతదో సూద్దామని. నేనే ముందు నోరు తెరిచిన. ‘యాదమ్మా, నీళ్ళు బంజేసిన మాట నిజమే’ అన్న.

‘ఎరుకే, ఫోన్ ఒచ్చింది. మా అక్క ఎండబెడ్తె మంచిదే, పొయ్యకుండ ఉండలేక పోస్తదేమోనని నా ఫికర్ అని ఆమెకే చెప్పిన. నువ్వు పొయ్యకుండ ఉండలేవని నాకెరుక లేదా అక్కా.’

నాకు ఏడుపు, నవ్వు రెండు ఒక్కపారే ఒచ్చినయి. దండ దాని తలల పెట్టిన. అదేమో నా గడపల కూలబడి, చెప్పులు ఇడిసి, ‘అక్కా, మస్తు దూపయితాంది, నీళ్ళియ్యి’ అన్నది. పక్కకు దాని ఇల్లుంది, దాని నల్లా ఉంది. నా గడపల కూసోని నన్నే అడిగింది. చెంబు నిండ ఇచ్చిన. తాగింది. ఇంకొకటి అడిగింది, అది గూడ తాగింది. ఎదురింటామె లోపటికి పోయి తలుపేసుకున్నది.

అందుకే చెప్తున్న, రెండు పెట్టు. ఇత్తులు నేనిస్త, కొమ్మ యాదమ్మ ఇస్తది. కనకాంబరం కుండీ గోడ నీడకు పెట్టి దినాం పొయ్యి, కాయితం పువ్వును ఎండకు పెట్టి అది అడిగినప్పుడే పొయ్యి. ఊరికొచ్చేటప్పుడు పక్కింటామెకు చెట్టు అప్పజెప్తవు గద, దేనికి ఎన్ని నీళ్ళో చెప్పిరా, పాపం ఆమె గూడ నా అసొంటిదే ఉంటె ఎట్ల? సల్లగుండు బిడ్డా. నీ గడపలకు దూపతోని ఒచ్చినోళ్ళు నిన్నే నీళ్ళడగాలె, నువ్వియ్యాలె... ఆ, ఒస్తున్ననే యాదమ్మా, ఏంది, గిన్నెనా? ఆగు, చేతులు కడుక్కోనియ్యి...